రెండు వైపులా బొరుసే

(పాత నాణేల గురించి పాఠకుల ప్రశ్నలు. జవాబులు రాస్తున్నది గోదావరి జిల్లాల సబ్‌ట్రెజరీల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక గుమాస్తా.)

ప్రశ్న: గురువుగారూ, మాది తాళ్లరేవు మండలం. ఊరి పేరు మాత్రం వేయకండి. కొబ్బరి మొక్కలకు గోతులు తీయిస్తుంటే ఒక గోతిలో నల్లటి బిళ్ల దొరికింది. మొదట సోడా సీసా మూత అనుకున్నాం. కడిగితే వెండిలా ఉంది. రెండు వైపులా ఉర్దూ లాంటి అక్షరాలు, బాగా అరిగిపోయాయి. బొమ్మ ఎక్కడా లేదు. మా అత్తయ్యగారు చింతపండుతో తోమి దేవుడి మందిరంలో పెడదామంటున్నారు. మా వారు ఆన్‌లైన్‌లో పెడితే లక్షలొస్తాయంటున్నారు. మా మరిది ఇది పోలీసు కేసవుతుందని టెన్షన్ పెడుతున్నాడు. ఇంతకీ ఇది ఏ నాణెం? మేం ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. చింతపండు చారులోకి ఉంచమనండి. ఆ నలుపు మురికి కాదు, వెండి మట్టిలోని గంధకంతో కలిసి కట్టిన పొర. అరిగిన నాణెం మీద అక్షరాల ఎత్తు ఎప్పుడో పోయి ఉంటుంది. గుంటల్లో నిలిచిన నలుపుకీ పక్కనున్న తెలుపుకీ తేడా ఉంది చూశారా, మనం చదవగలిగేది దాన్ని బట్టే. తోమితే అదీ పోతుంది. నా పెట్టెలో అలాంటిది ఒకటుంది. పదేళ్ల వయసులో విబూది పెట్టి నేనే తోమాను. ఇప్పుడు అందులో నా ముక్కు కనబడుతుంది గానీ ఏ పాదుషా పేరూ కనబడదు.

మీ మొదటి ఉత్తరం రాగానే జవాబు రాయకుండా మీకే పని పురమాయించాను. మీ ఊరి కంసాలి దగ్గర మిల్లీగ్రాములతో సహా తూయించమన్నాను. అడ్డకొలత, మందం రెండేసి చోట్ల కొలవమన్నాను. పొద్దున్న కిటికీ పక్కన, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఫొటోలు తీయమన్నాను. నడినెత్తిన లైటు వేసి తీస్తే అరిగిన నాణెం వట్టి రేకు ముక్కలా ఉంటుంది. పక్క నుంచి వెలుగు పడితే వెంట్రుకవాసి ఎత్తున్న గీత కూడా నీడ వేస్తుంది. నాలుగు రోజుల్లో మీరు అన్నీ పంపారు. అవి చూశాక ఈ నెల పేజీలో సగానికి పైగా మీకే ఇచ్చేయాలనిపించింది.

బరువు 11 గ్రాముల 120 మిల్లీగ్రాములు. సగం పని దీనితోనే అయిపోయింది. 16వ శతాబ్దంలో షేర్షా సూరి 178 గ్రెయిన్ల బరువుతో, అంటే సుమారు 11.5 గ్రాములతో వెండి రూపాయి కొట్టించాడు. ఆ తర్వాత మొగలాయిలు, నవాబులు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఎవరు కొట్టినా రూపాయి ఆ బరువు చుట్టుపక్కలే తిరిగింది. 1835లో కంపెనీ తన ఇలాకా మొత్తానికి ఒకే రూపాయి పెట్టినప్పుడు దాన్ని 180 గ్రెయిన్లు చేసింది. అది 11.66 గ్రాములు, మన తులం. మా నాయనమ్మ కాలంవాళ్లు 'రూపాయెత్తు వెండి' అనేది దీన్నే. మీది 11.12 కాబట్టి అది నిండు రూపాయి, చేతులు మారి మారి కాస్త ఒంటిని పోగొట్టుకుంది.

ఇక వెండేనా కాదా. చిన్న గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, నాణాన్ని సన్నటి దారంతో కట్టి గ్లాసు అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయమన్నాను. కాటా 1.08 చూపించిందని రాశారు. 11.12ని 1.08తో భాగిస్తే 10.3 వస్తుంది, అంటే నీటి కన్నా అన్ని రెట్లు బరువు. మేలిమి వెండికి 10.5 రావాలి. కొంచెం రాగి కలిసిన మంచి వెండికి ఇదిగో ఇంతే వస్తుంది. జర్మన్ సిల్వర్‌తో (పేరులోనే వెండి, లోపల ఉండదు) పోతపోసిన నకిలీ అయితే 9 కూడా దాటదు. కంసాలిగారు గీటురాయి తీయబోతే మీరు చెయ్యి అడ్డం పెట్టారట. చాలా మంచి పని చేశారు.

అంచు సంగతి. ఇప్పటి మన రూపాయిని చూడండి, గీసిన వృత్తంలా ఉంటుంది. మీది ఒకవైపు నుంచి కొలిస్తే 22 మి.మీ., ఇంకోవైపు నుంచి 23. మందం ఒకచోట 3, ఇంకోచోట 2.5. అంచుకు గీతల్లేవు. అంటే చేత్తో కొట్టిన రూపాయి. కింది అచ్చును దిమ్మలో బిగించి, దాని మీద వెండి బిళ్ల పెట్టి, పై అచ్చు నిలబెట్టి సుత్తితో కొట్టేవారు. అచ్చేమో బిళ్ల కన్నా పెద్దది. పెద్ద రబ్బరు స్టాంపును చిన్న చీటీ మీద కొడితే ఏమవుతుంది? సగం ఆఫీసు పేరు చీటీ మీద, సగం బల్ల మీద పడుతుంది. ఈ రూపాయిలదీ అదే కథ. అచ్చులో ఉన్న వాక్యం పూర్తిగా పడిన రూపాయి దొరకడం కష్టం. కాబట్టి మీ నాణెం మీద అక్షరాలు లేని చోటల్లా అరిగిపోయిందనుకోకండి. కొన్ని అక్షరాలు అసలు దాని మీద పడనే లేదు.

మనం బొమ్మా బొరుసూ అంటాం కదా, ఈ బిళ్లకు రెండు వైపులా బొరుసే. లిపి పార్సీ, భాషా పార్సీయే. ఇలాంటి రూపాయి మీద ఒకవైపు మామూలుగా 'సిక్కా ముబారక్ బాద్షా గాజీ' అని, పాదుషా పేరు, హిజ్రీ (ముస్లిం పంచాంగం) సంవత్సరం ఉంటాయి. రెండోవైపు 'సనహ్ జులూస్ మైమనత్ మానూస్', ఆ తర్వాత 'జర్బ్' అని టంకశాల ఊరి పేరు. శుభప్రదమైన పాలనలో ఫలానా ఏట ఫలానా ఊళ్లో కొట్టినది అని భావం. జులూస్ అంటే ఇక్కడ ఊరేగింపు కాదు, గద్దె మీద కూర్చోవడం. కొత్తగా ఈ హాబీలోకి వచ్చినవాళ్లకు నేను చెప్పేది, పార్సీ అంతా నేర్చుకోనక్కర్లేదు. అడ్డంగా పడవలా సాగిన 'జులూస్' గీతను ఒక్కసారి గుర్తుపట్టడం వస్తే నాణాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో తెలుస్తుంది. తర్వాత అంకెల కోసం వెతుక్కోవచ్చు.

ఆ అంకెల దగ్గరే మీ మూడో ఫొటో నన్ను రెండు గంటలు ఏడిపించింది. పార్సీ 2కూ 6కూ నిలువు గీత మీద చిన్న కొక్కెం ఉంటుంది. 2 కొక్కెం కుడికి తిరుగుతుంది, 6 కొక్కెం ఎడమకు. మిగతా ఫొటోల్లో 6లా ఉన్నది ఈ ఫొటోలో 2లా ఉంది. రెండు వేర్వేరు నాణేలు పంపారేమో అనుకున్నాను. చివరికి మా మనవరాలు చూసి, 'తాతయ్యా, ఇది సెల్ఫీ కెమెరాతో తీసింది, అద్దంలోలా తిరగబడింది' అని తేల్చేసింది. దయచేసి అందరూ ఫోను వెనక కెమెరాతోనే తీయండి. ఇంకో చిక్కు 7, 8 అంకెలతో. 8 పూరిపాక కప్పులా ఉంటుంది, 7 అదే కప్పును తిరగేసి నీళ్లు పట్టినట్టు ఉంటుంది. నాణెం తలకిందులుగా పట్టుకుంటే ఏడు ఎనిమిదైపోతుంది.

సరిగ్గా తిప్పి చూస్తే మీ రూపాయి మొదటి వైపు కింద రెండు నిలువు గీతలు, పక్కన 7, అక్కడితో బిళ్ల అయిపోయింది. 117 తర్వాతి అంకె బయట పడిపోయిందన్నమాట. పాదుషా పేరు ఉండాల్సిన చోట నల్ల మచ్చే మిగిలింది. రెండోవైపు 'జులూస్' గీత, పాలనా సంవత్సరం 6, ఒక చిన్న గుర్తు ఉన్నాయి.

ఇక్కడ తొందరపడితే దెబ్బతింటాం. మొగలాయి పాదుషా రెండో ఆలంగీర్ 1754లో గద్దెనెక్కాడు, అతని ఆరో ఏడు హిజ్రీ 1172లో పడుతుంది. తర్వాత వచ్చిన షా ఆలం ఆరో ఏడు 1178లో పడుతుంది. రెండూ 117తోనే మొదలవుతాయి, రెండింటికీ 6 ఉంది. ఎవరిదో ఆ చిన్న గుర్తే చెప్పాలి. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లు కొట్టిన ఆర్కాటు రూపాయిల (ఎక్కడ కొట్టినా ఆర్కాటు నవాబు టంకశాల పేరే వేసినవి) మీద నెలవంక ఉంటుంది. మద్రాసు టంకశాలలో ఇంగ్లీషు కంపెనీ కొట్టిన ఆర్కాటు రూపాయిల మీద తామర ఉంటుంది. మీ ఐదో ఫొటోను పెద్దది చేసి చూస్తే కింద కాడ, పైన మూడు రేకుల మొనలు కనిపిస్తున్నాయి. నెలవంకకు కాడ ఉండదు. కాబట్టి నా లెక్క ప్రకారం ఇది రెండో ఆలంగీర్ పేరు మీద, 1172 సంవత్సరం, 6వ ఏడు వేసి మద్రాసులో కంపెనీ కొట్టిన ఆర్కాటు రూపాయి. కాగితం మీద రాసేటప్పుడు మాత్రం '117-, చివరి అంకె లేదు. తామర గుర్తు అరిగి ఉంది' అనే రాయండి. కనిపించింది ఒక వరుసలో, మనం అనుకున్నది ఇంకో వరుసలో ఉండాలి. రెండూ కలిపేస్తే రేపు నా కన్నా తెలిసినవాడు వచ్చినప్పుడు సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు.

హిజ్రీని మన సంవత్సరంలోకి మార్చడానికి సులువు లెక్క ఒకటుంది. నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలపాలి. 1172లో 35 పోతే 1137, దానికి 622 కలిపితే 1759. ఒక ఏడాది అటూ ఇటూ, 1758–59. అయితే మీ రూపాయి ఆ ఏడాదే పుట్టిందని రాసేయకండి. కంపెనీవాళ్లు ఆ 1172నీ ఆ 6నీ అలాగే ఉంచి దశాబ్దాల పాటు కొట్టుకుంటూ పోయారు. జనం ఆ రూపాయికి అలవాటు పడ్డారు, సరాబులు (డబ్బు మార్చే వ్యాపారులు) దాన్ని నమ్మారు, మార్చితే వట్టం, అంటే విలువలో కొంత, కోస్తారు. 1807 ప్రాంతంలో మద్రాసు టంకశాలలో యంత్రాలు వచ్చాక అంచుకు గీతలు పడ్డ ఆర్కాటు రూపాయిలు వచ్చాయి. వాటి మీద కూడా అదే 1172! ఈ సంగతి పట్టించుకోక నేనే ఒకసారి భంగపడ్డాను. కొన్నేళ్ల కిందట ఒక పాఠకుడికి 'మీది మచిలీపట్నం కోట ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చిన 1759 నాటి రూపాయి' అని తెగ ఉత్సాహంగా రాశాను. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నాడు కూడా. తర్వాత అంచు చూసుకుంటే ఏటవాలు గీతలున్నాయి. యంత్రం కొట్టిన నాణెం. క్షమాపణ ఉత్తరం రాయక తప్పలేదు.

మీ బిళ్ల గీతల్లేనిది కాబట్టి అంతకు ముందుది. 18వ శతాబ్దం రెండో సగం అనుకుంటే చాలు. ఆ రోజుల్లో మీ దగ్గరి ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే మిల్లు కాదు, గిడ్డంగి, లెక్కల ఆఫీసు. నేతగాళ్లకు డబ్బు అడ్వాన్సు ఇచ్చి బట్టలు కొనేవారు. అక్కడికి కూతవేటు దూరంలోనే యానాంలో ఫ్రెంచివాళ్లు. ఇద్దరికీ కావలసింది మన బట్ట, ఇద్దరూ ఇచ్చింది వెండి. అలాగని మీ తామర రూపాయి ఇంజరం ఫ్యాక్టరీ పెట్టెలోంచే వచ్చిందని చెప్పలేం. నేతగాడి నుంచి నూలు కొట్టుకు, అక్కడి నుంచి బియ్యం కొట్టుకు, అక్కడి నుంచి యానాం రేవుకు తిరిగే డబ్బు అది.

పైగా మీ రూపాయి చివరి రోజుల్లో డబ్బుగా లేదనిపిస్తోంది. అంచు మీద ఒకచోట గోధుమరంగు గరుకు మచ్చ ఉందని, మట్టి అనుకుని గోటితో గీకితే రాలేదని రాశారు. దాన్ని అలాగే వదిలేయండి. అది టంకం. ఎవరో కంసాలి వెలిగారం వేసి దీనికి కొక్కెం అతికాడు. కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. మొదటి వైపు రెండోవైపు కన్నా బాగా ఎక్కువ అరిగింది కదా, చేతులు మారి అరిగితే రెండు వైపులా కాస్త అటూ ఇటూగా అరగాలి. ఒక్క వైపే అంత నున్నగా అయిందంటే, అది చాలాకాలం ఎవరి మెడలోనో మొలతాడులోనో ఒంటికి రాసుకుంటూ ఉండాలి. మా చిన్నప్పుడు కూడా పిల్లల మొలతాడుకు పాత రూపాయి కట్టేవారు. అలా చూస్తే ఇది కొట్టింది 18వ శతాబ్దంలో అయినా, పోగొట్టుకున్నది ఆ తర్వాత ఎప్పుడైనా కావచ్చు. రెండోవైపు అంచు దగ్గరున్న మూడు చిన్న గంట్లు సరాబుల ముద్రలు, లోపల రాగి ఉందేమో అని పరీక్షించిన గుర్తులు. అది డబ్బుగా తిరిగిన కాలానివి.

ఇక అసలు సంగతి. మీ రెండో ఉత్తరం చివర మామూలుగా రాసేసిన వాక్యం ఒకటుంది: 'ఆ మూల పల్లంగా ఉండేది, 96 తుపానుకు కొబ్బరిచెట్లు పడిపోయాక మా మామగారు మట్టి తోలించి మెరక చేశారు.' అది చదివి నేను లేచి నిలబడ్డాను. నాణెం దొరికింది రెండడుగుల లోతులో. తోలించిన మట్టి మూడడుగులు ఉంటే ఆ నాణెం మీ తోటది కాదు, ఆ మట్టితో పాటు వచ్చింది. మన డెల్టాలో ఇది పెద్ద తలనొప్పి. రాయలసీమలో చేలో నాణెం దొరికితే చాలావరకు అక్కడిదే. ఇక్కడ మట్టి నిలకడగా ఉండదు. కాలవ పూడిక తీస్తే గట్టుకు వస్తుంది, చెరువు తవ్వితే ఇంటి పునాదికి వస్తుంది, లంక కోసుకుపోతే కింద ఇంకో లంక మీద తేలుతుంది. ఆ మట్టి ఎక్కడిదో ట్రాక్టరు డ్రైవరుకు తెలుసు, లేదా మీ అత్తయ్యగారికి తెలుసు. ఆవిణ్ని కూర్చోబెట్టి అడగండి. ఏ చెరువు, ఎవరి ట్రాక్టరు, ఎన్ని లోడ్లు, ఆ మట్టిలో పెంకులు కనబడేవా. ఆవిడ చెప్పినట్టే ఆవిడ మాటల్లోనే రాయండి.

దానికి ఒక కాగితం చాలు. దొరికిన తేదీ, ఊరు, సర్వే నంబరు, ఫోన్లో లొకేషన్ అంకెలు, ఎంత లోతు, ఏ మట్టి (ఇసుకా, ఒండ్రా, జిగటా), తవ్వింది ఎవరు, పక్కన ఏం దొరికాయి. బరువు, కొలతలు, ఫొటోలు ఎలాగూ ఉన్నాయి. ఒక్కటి మాత్రం మీరు చేయలేదు. మొదటి వైపు అక్షరాలు నిటారుగా ఉండేలా పట్టుకుని, నిలువు ఇరుసు మీద తలుపు తెరిచినట్టు నాణాన్ని తిప్పండి. రెండోవైపు తల గడియారంలో ఎన్ని గంటల వైపు ఉందో రాయండి. చేత్తో కొట్టినవాటిలో ఇది ఎటైనా ఉండొచ్చు. తర్వాత నాణాన్ని కాగితం కవరులో పెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కొన్ని ఆమ్లం వదిలి నాణాన్ని పచ్చగా జిగురుగా చేస్తాయి.

కాగితం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సబ్‌ట్రెజరీలో నేను రిజిస్టరు రాసేవాణ్ని. ఒక ఊరి నుంచి గుడ్డమూటలో తొమ్మిది పాత వెండి రూపాయిలు డిపాజిట్టుకు వచ్చాయి, పైన దారంతో కట్టిన చీటీ. చీటీలో ఊరు, చెరువు పేరు, దొరికిన మనిషి పేరు అన్నీ ఉన్నాయి. రిజిస్టరులో ఆ గడి ఇరుకు. నేను 'పాత వెండి బిళ్లలు, 9' అని రాసి, బరువు వేసి, సీలు కొట్టాను. చీటీ చెదలకు పోయింది. చాలా ఏళ్ల తర్వాత ఒక పరిశోధక విద్యార్థి వచ్చి 'ఇవి ఎక్కడివండీ' అని అడిగాడు. ఆ మూట, ఆ దారం, దారానికి వేసిన రెండు ముళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. ఊరి పేరు మాత్రం రావడం లేదు. నోటి చివరిదాకా కూడా రాదు. 1878 నాటి నిధుల చట్టం నాలుగో సెక్షను ప్రకారం దొరికినవాళ్లు ఇచ్చే నోటీసులో చోటు, తేదీ ఉండి తీరాలి. చట్టం అడిగింది, దొరికినవాడు ఇచ్చాడు, నేను రాయలేదు.

మీ మరిది టెన్షన్ గురించి. ఆ చట్టం ఇంకా ఉంది. భూమిలో గానీ, భూమిని అంటిపెట్టుకున్న గోడల్లాంటివాటిలో గానీ దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వస్తువును ట్రెజరీలో ఇవ్వాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తామని హామీ ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెబితే కేసు కాదు, చెప్పకపోతేనే కేసు. ఒక్క బిళ్లకు ఇంత హడావిడా అనొచ్చు. ఒక పేజీ ఉత్తరమే కదా, రాసి రసీదు తీసుకోండి. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. మీది కాకినాడ జిల్లా కాబట్టి కాకినాడ కలెక్టరుకు. అదే గొయ్యి యానాంలో తీసి ఉంటే కాగితం పుదుచ్చేరి దారి పట్టేది.

మీ వారికి నా మాటగా చెప్పండి: ఆర్కాటు రూపాయి అరుదైనది కాదు. కొక్కెం అతికి, ఒకవైపు నున్నబడ్డ దానికి లక్షలు ఇచ్చేవాడు ఉన్నాడంటే వాడు ముందు మీ దగ్గర 'రిజిస్ట్రేషన్ ఫీజు' అడుగుతాడు. పైగా వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. విదేశాలకు పంపకూడదు, వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి.

ప్రశ్న: ఆత్రేయపురం దగ్గర మా లంకలో పలచటి వెండి ముక్క దొరికింది. గుండ్రంగా లేదు, ఒక మూల కత్తిరించినట్టు ఉంది. 3.1 గ్రాములు. మీద సూర్యుడు, చక్రం లాంటి గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొంచెం వంగింది. సరిచేయించమంటారా?

జవాబు: వద్దు బాబూ, విరుగుతుంది! శతాబ్దాలు మట్టిలో ఉన్న వెండి పెళుసెక్కుతుంది. మీది విద్ధాంక నాణెం లాగుంది. రెండు వేల ఏళ్ల పైనాటివి. వీటికి అచ్చులు లేవు. వెండి రేకును ముక్కలుగా కోసి, బరువు సరిపోకపోతే మూల కత్తిరించి, ఒక్కో గుర్తునూ విడివిడి ముద్రతో కొట్టేవారు. సాధారణంగా ఒకవైపు ఐదు గుర్తులు. బరువు 32 గురివింద గింజలకు, సుమారు 3.3 గ్రాములకు సరిపెట్టేవారు. అమరావతిలో ఇలాంటివి వేల సంఖ్యలో దొరికాయి. ఐదు గుర్తులూ వేటికవి విడిగా పెన్సిలుతో గీయండి, ఏది దేని మీద పడిందో కూడా గీయండి. రాజమండ్రిలో రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఉంది, అక్కడ చూపించండి. కలెక్టరుకు ఉత్తరం సంగతి పైన రాసిందే.

ప్రశ్న: మా దగ్గర 1818 నాటి ఈస్టిండియా కంపెనీ అర్ధణా ఉంది, ఒకవైపు హనుమంతుడు. బియ్యాన్ని లాగుతుందని ఒకాయన 20 లక్షలు ఇస్తానంటున్నాడు, టెస్టింగుకు ముందు 50 వేలు కట్టమంటున్నాడు.

జవాబు: కట్టకండి. కంపెనీ హనుమంతుడి బొమ్మతో అర్ధణా కొట్టలేదు. అది ఈ కాలపు రాగి బిళ్ల. మీ 50 వేలను తప్ప దేన్నీ లాగదు. పోలీసులకు చెప్పండి.

ప్రశ్న: మాది మండపేట. పాత మండువా ఇల్లు పడగొట్టిస్తుంటే గోడలో చిన్న కుండ, అందులో 14 వెండి రూపాయిలు. విక్టోరియా రాణి బొమ్మ ఉంది. కూలీలు వాటా అడుగుతున్నారు. ఇల్లు నాది, వాళ్లకెందుకివ్వాలి?

జవాబు: అయ్యా, చట్టం దృష్టిలో 'దొరికినవాడు' గోడ మీద పలుగు వేసినవాడే. సొత్తు ఎవరిదో తేలక, మీ ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, పావు వంతు స్థలం యజమానికి. మీరు అనుకున్నదానికి పూర్తిగా రివర్సు. వందేళ్ల లోపు మీ పెద్దలే దాచారని రుజువు చేయగలిగితే లెక్క వేరు. కోర్టు ఉంది, ఇంటి కాగితాలు తీయండి. ఏదైనా ముందు కలెక్టరుకు నోటీసు. యజమాని తోడై దాచిపెడితే ఆరు నెలల దాకా శిక్ష ఉంది. నాణేల విషయానికొస్తే ఇవి యంత్రం కొట్టినవి, పేరూ ఏడాదీ స్పష్టంగా ఉంటాయి, నాతో పని లేదు. ఆ కుండ మాత్రం పారేయకండి. ముక్కలైనా సరే.

ఇది అచ్చుకు వెళ్లబోతుండగా తాళ్లరేవు నుంచి ఫోను. అత్తయ్యగారికి అన్నీ గుర్తున్నాయట. మట్టి ఇంజరం వైపు ఎండిన చెరువు నుంచి వచ్చింది, ఏడు లోడ్లు, ఎనిమిదో లోడుకు డబ్బు దగ్గర మామగారికీ ట్రాక్టరు అబ్బాయికీ మాట తేడా వచ్చి ఆగిపోయింది. ఆ అబ్బాయి ఇప్పుడు తాతయ్యాడు, అదే ఊళ్లో ఉన్నాడు. ఆ మట్టిలో నల్ల పెంకులు బోలెడు ఉండేవని, అరిటిచెట్ల మొదట్లో పారబోశామని కూడా చెప్పారట. అమ్మా, ఆ అరిటిచెట్ల దగ్గర ఒకసారి చూడండి. ట్రాక్టరు తాతగారి పేరు కాగితంలో రాసుకోండి. గడి ఇరుకైతే వెనక వైపు రాయండి.